వేడెక్కాక అప్పుడప్పుడు మిస్సింగ్: ముందు కొలవాలా, ముందు మార్చాలా?

పాతబండి:
18 ఏళ్ల పెట్రోలు బండి. 4 సిలిండర్లు, ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి). స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ లేదు, స్పార్కుకి వోల్టేజీ పుట్టించే కాయిల్ ప్యాక్‌లో 2 కాయిళ్లు, అక్కణ్ణుంచి ప్లగ్ వైర్లు. చల్లగా ఉన్నంతసేపు ఏ గొడవా లేదు. 25, 30 నిమిషాలు నడిచాక 4వ గేరులో 50-60 మీద, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి ఉన్నప్పుడు 2, 3 సెకన్లు దగ్గినట్టు జర్కులు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలే. రోజుకు ఒకటి రెండుసార్లు, కొన్ని రోజులు అసలు రాదు. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు, కోడ్లు లేవు. స్కానర్లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చూపే అంకె) ఐడిల్లో +14, 2500 ఆర్పీఎంలో +3. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పానా_పట్టు:
కాలం చెల్లినవి ముందు మార్చెయ్యండి. 4 ప్లగ్గులు, వైర్ల సెట్టు, ఫ్యూయల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు. పెట్టెలోంచి తీసిన ప్లగ్గు తీసినట్టే బిగించొద్దు, గ్యాపు మాన్యువల్ ప్రకారం ఉందో లేదో చూడండి. ఇలాంటి కాయిల్ ఇంజన్లలో చాలావాటికి 1.0-1.1 మి.మీ. ఉంటుంది. అరిగి 1.4కి వచ్చిందంటే స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, వైరుకి ఎక్కడైనా సన్న పగులుంటే అది గ్యాపు వదిలేసి ఆ పగుల్లోంచి బ్లాకు మీదికి దూకుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గులు విప్పాలి, వేడి అల్యూమినియం హెడ్డులో విప్పితే మరలు ఊడి చేతికొస్తాయి. ఇవి చేశాక కూడా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

సైలెన్సర్:
ప్లగ్ వైర్లే. కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

మీటరు_ముల్లు:
కళ్లు మూసుకుంటే అలాగే కనిపిస్తుంది లెండి.

పాతబండి గారూ, ఏదీ కొనకండి. జర్కు వచ్చిన క్షణంలో ఆర్పీఎం ముల్లు చూడండి. గేరులో ఉన్నప్పుడు చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి, అంచేత ఆర్పీఎం ఉన్నపళంగా సున్నాకి పడే ప్రసక్తే లేదు. ముల్లు ఠక్కున పడిందంటే ఇంజన్ ఆగలేదు, సిగ్నల్ పోయింది. ఇంజన్ తిరుగుడు పసిగట్టే క్రాంక్ సెన్సరు, దాని కప్లరు (వైర్లు కలిపే సాకెట్), లేదా ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) కరెంటిచ్చే మెయిన్ రిలే. క్రాంక్ సెన్సరు లోపలి చుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలవడం పాత బండ్లలో మామూలే. ముల్లు కదలకుండా బండి మాత్రమే దగ్గితే ఇంధనమో, స్పార్కో, గాలో. ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇక ట్రిమ్. ఐడిల్లో +14 ఉండి 2500లో +3కి దిగిందంటే ఇన్‌టేక్ వైపు ఎక్కడో దొంగగాలి పోతోంది. ఐడిల్లో లోపలికొచ్చే గాలే తక్కువ కాబట్టి లీకు వాటా పెద్దదిగా కనిపిస్తుంది, రేస్ ఇచ్చాక ఆ వాటా చిన్నదైపోతుంది. పంపో ఫిల్టరో బలహీనమైతే దీనికి తలకిందులుగా, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పైకెళ్లేది. కాబట్టి ఫ్యూయల్ ఫిల్టరు మార్చమన్న సలహాకి ఈ అంకెల్లో ఆధారం లేదు.

కార్బ్_కాలం:
ట్యాంకు మూత వదులు చేసి ఒకరోజు నడిపారా? గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పట్టి పంపు లాగలేదు. అదీ అరగంట నడిచాకే వస్తుంది.

పానా_పట్టు:
ట్రిమ్‌ని వేదంలా చదవకండి. ఒక సిలిండర్ మిస్సయితే (మంట అంటుకోకపోతే) అందులో కాలని ఆక్సిజన్ సైలెన్సర్లోకి పోతుంది. ఓ2 సెన్సరు చూసేది ఆక్సిజన్‌నే, పెట్రోలుని కాదు. అది లీన్ (పెట్రోలు తక్కువ) అంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, స్కానర్లో ప్లస్ కనిపిస్తుంది. జబ్బు స్పార్కుది, మందు గొట్టాలకి.

మీటరు_ముల్లు:
ఆ సూత్రం నిజమే, ఇక్కడ వర్తించదు. రోజుకు రెండుసార్లు 2 సెకన్లు వచ్చే మిస్సింగ్ షార్ట్ టర్మ్ ట్రిమ్‌ని (అప్పటికప్పుడు మారే అంకెని) ఓసారి ఎగరేస్తుందేమో. లాంగ్ టర్మ్ నిమిషాల మీద నేర్చుకునే అంకె. పైగా +14 ఐడిల్లో ఉంది, ఐడిల్లో మిస్సింగే లేదని ఆయనే అంటున్నారు. లేని మిస్సింగ్ నుంచి ఆక్సిజన్ ఎలా వస్తుంది?

పానా_పట్టు:
ఐడిల్లో మిస్సింగ్ లేదని ఎవరన్నారు? 'జర్కులు 50-60 మీద' అన్నారు, అంతే. ఐడిల్లో 200కి ఒక స్పార్కు పోతే సీటులో కూర్చున్నవాళ్లకి తెలియదు.

మీటరు_ముల్లు:
200కి ఒక స్పార్కు పోతే ట్రిమ్ +14కి ఎక్కదు. లెక్క మీరే వేసుకోండి.

ఎర్త్_వైరు:
ఇద్దరూ ఎర్త్ మర్చిపోయారు. మీటరు డీసీ వోల్టులో పెట్టి ఒక కొస బ్యాటరీ మైనస్ పోలుకి (క్లాంపుకి కాదు, పోలుకే), రెండోది ఇంజన్ బ్లాకుకి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి 0.1 వోల్టు దాటకూడదు. స్టార్టరు తిప్పుతున్నప్పుడు 0.3 దాటితే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి బిగించాలి. బ్లాకు వేడెక్కి సాగితే వదులు ఎర్త్ ఇంకా వదులవుతుంది.

పానా_పట్టు:
ప్రతి థ్రెడ్‌లోనూ ఎర్తేనా!

ఎర్త్_వైరు:
ప్రతి బండికీ ఎర్త్ ఉంటుంది కాబట్టి.

మీటరు_ముల్లు:
ఇక్కడి పాత థ్రెడ్లు తీసి చూడండి. 'ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను, కాయిల్ కూడా మార్చాను, తగ్గలేదు' అని తిరిగొచ్చినవాళ్లకి మొదటి జవాబు ఇచ్చింది ఎవరు? ప్రతిసారీ మీరే. వాళ్లకి మళ్లీ జవాబు ఇవ్వడానికి మాత్రం మీరుండరు.

పానా_పట్టు:
తగ్గినవాళ్లు తిరిగొచ్చి రాయరు కాబట్టి మీ లెక్కలోకి రారు. మీ పద్ధతేంటి? రోజుకోసారి వచ్చే 2 సెకన్ల జర్కు కోసం నెల్లాళ్లు కాపు కాయాలి. మీటర్ల మీద మీటర్లు పెట్టాలి. ఈలోగా కాలని పెట్రోలు సైలెన్సర్లోకెళ్లి పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తే దానికి బాధ్యులెవరు? నేను మార్చమన్న 4 వస్తువులూ ఈ జర్కు లేకపోయినా ఆ వయసు బండికి పడాల్సినవే!

మీటరు_ముల్లు:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మీరు చెప్పేది సర్వీసు. ఆయన అడిగింది కారణం. నాలుగూ ఒక్కసారి మారిస్తే తగ్గినా ఏది తగ్గించిందో తెలియదు. కప్లరు ఊడదీసి మళ్లీ పెట్టినందుకే పచ్చగా పట్టిన పిన్ను తుడుచుకుని నెల్లాళ్లు పనిచేస్తుంది. దాన్ని తగ్గడం అనరు.

పానా_పట్టు:
బండి నడిపేవాడికి జర్కు పోతే చాలు సార్. కారణంతో ఆయనకేం పని?

మీటరు_ముల్లు:
మళ్లీ వచ్చినప్పుడు ఉంటుంది పని.

సిలిండర్3:
మీరిద్దరూ చెరో సగం పట్టుకుని లాగుతున్నారు. మిశ్రమం పలచబడితే దాన్ని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అంటే చిన్న గాలి లీకు + అరిగిన వైరు, విడివిడిగా ఏదీ జర్కు తేలేకపోయినా, రెండూ కలిసి తేగలవు. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కినప్పుడు వాక్యూమ్ ఎక్కువ, లీకు వాటా ఇంకా ఉంటుంది. అక్కడే రావడానికి ఇదొక కారణం కావచ్చు.

రెండో అనుమానం టీపీఎస్, అంటే గాలి దారిలోని థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సరు. బండి ఎక్కువసేపు నడిచే ఆ ఒక్క థ్రాటిల్ స్థానంలోనే లోపలి పట్టీ అరుగుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ ఆపి, థ్రాటిల్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. సుమారు 0.5 వోల్టు నుంచి 4.5 వరకు ఎక్కడా తెగకుండా ఎక్కాలి. ముల్లు మీటరు వాడండి, అంకెల మీటరు ఆ చిన్న తెగు చూపించదు.

వైర్లకి: చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ ఐడిల్లో ఉండగా స్ప్రే సీసాతో నీళ్లు తుంపర కొట్టండి. నీలం మెరుపో, టిక్కుటిక్కు శబ్దమో వస్తే ఆ వైరు అయిపోయినట్టే. చేత్తో ముట్టుకోవద్దు. స్పార్కు చూద్దామని నడుస్తున్న ఇంజన్ మీద వైరు ఊడదీయొద్దు, ఇగ్నైటర్ (కాయిల్‌ని నడిపే ఎలక్ట్రానిక్ భాగం) పోతుంది. వైర్లు విప్పాక ఓమ్‌లు కొలిచి పొడవుతో పోల్చండి. పొట్టి వైరు పొడుగు దానికన్నా ఎక్కువ చూపిస్తే అది మార్చాలి. రెండు కాయిళ్ల పద్ధతిలో 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. కాయిల్ పోతే జత మొత్తం పోతుంది, అప్పుడు జర్కు బలంగా ఉంటుంది. దగ్గులా ఉందన్నారు కాబట్టి కాయిల్ మీద నాకు అంత అనుమానం లేదు.

కార్బ్_కాలం:
ట్యాంకు మూత సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పాతబండి:
12 రోజుల తర్వాత రాస్తున్నాను. మూత వదులు చేసి రెండ్రోజులు నడిపాను, తేడా లేదు. ముల్లు కదల్లేదు, రెండుసార్లు గమనించాను. టీపీఎస్ తిన్నగా ఎక్కింది. ఎర్త్ 0.04. ఇన్‌టేక్ నుంచి బ్రేక్ బూస్టరుకెళ్లే వాక్యూమ్ గొట్టం కొస దగ్గర చీలిక దొరికింది, కొత్తది వేశాను. ఐడిల్ ట్రిమ్ +4కి దిగింది. అదే రోజు ప్లగ్గులు, వైర్లు కూడా మార్చేశాను. అప్పట్నుంచి జర్కు రాలేదు.

పానా_పట్టు:
చూశారుగా.

మీటరు_ముల్లు:
ఏం చూశాం? గొట్టం, వైర్లు ఒకేరోజు! కొత్త గొట్టం అలాగే ఉంచి పాత వైర్లు మళ్లీ తగిలించి ఒక వారం నడపండి. జర్కు వస్తే వైర్లు, రాకపోతే గొట్టమో ప్లగ్గులో.

పాతబండి:
పాత వైర్లు పారేశాను.

మీటరు_ముల్లు:
పాత ప్లగ్గులైనా ఉన్నాయా? ఉంటే గ్యాపు ఎంతుందో కొలిచి, పింగాణీ మీద నిలువుగా నల్లటి సన్న గీత ఉందేమో చూసి చెప్పండి. ఉంటే కరెంటు అక్కణ్ణుంచే బయటికి దూకినట్టు.

పాతబండి:
ఉన్నాయి. గ్యాపు 1.3, 1.3, 1.4, 1.3. మూడో దాని మీద గీత ఉంది.

ఎర్త్_వైరు:
0.04 క్లాంపు మీద కొలిచారా, పోలు మీదా?