అరకు ఘాట్‌ రోడ్డుకి ఆదివారం 14 కార్లు: భోజనం ఎక్కడ పెట్టుకోవాలి?

పాతబండి:
అందరికీ నమస్కారం. నవంబరులో ఒక ఆదివారం వైజాగ్ నుంచి అరకుకి మా కార్ల బ్యాచ్ అంతా వెళ్దామనుకుంటున్నాం. 14 కార్లు, పిల్లాపెద్దా కలిపి 38 మంది. వాటిలో రెండు పెట్రోల్ అంబాసిడర్లు, ఒక పద్మిని, రెండు పాత మారుతి 800లు. మిగతావి కొత్తవే. ఉదయం ఏడున్నరకి బీచ్ రోడ్డులో కలవడం, ఒంటిగంటకి అరకులో భోజనం, తర్వాత చాపరాయి చూసుకుని రాత్రికి ఇల్లు. ఇదీ ప్లాన్.

పోయినసారి ఒక హోటల్‌కి ముందే ఫోన్ చేస్తే "వచ్చేయండి సార్, చూసుకుంటాం" అన్నారు. మేం చేరేసరికి రెండున్నర. అన్నం అయిపోయింది, ఇంకో గంట ఆగమన్నారు. పిల్లలు రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు తిని కడుపు నింపుకున్నారు. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది. ఈసారి ఏం చేస్తే మాట పడకుండా ఉంటాం?

ఎస్.కోట బాబాయ్:
బాబూ, హోటల్‌ని మార్చినా నీకు ఇదే జరుగుతుంది. మార్చాల్సింది టైము. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్లే కదా అని లెక్కేశావు. ఒక్క కారు అయితే మూడు, మూడున్నర గంటలు. 14 కార్లలో ఒకరికి టీ కావాలి, ఒకరికి బాత్రూమ్, ఒకరికి సెల్ఫీ. దీనికి తోడు సీజన్‌లో ఆదివారం అరకు ఊళ్లో ట్రాఫిక్.

నేనైతే అరకు దాకా వెళ్లను. బీచ్ రోడ్డు మానేసి పెందుర్తిలో ఆరింటికి కలవండి. కొత్తవలస మీదుగా ఎస్.కోట వచ్చి టిఫిన్ చేసి, పెట్రోల్ కొట్టించుకోండి. ఎనిమిదిన్నరకల్లా ఘాట్ ఎక్కడం మొదలుపెడితే ఎదురుగా వచ్చే బళ్లు తక్కువ. అనంతగిరి దాటి గాలికొండ వ్యూ పాయింట్ దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి పన్నెండున్నరకి అనంతగిరిలోనే భోజనం. అక్కడ టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, ముందు దాన్ని అడిగి చూడు.

ఫోన్‌లో "38 మందిమి వస్తున్నాం" అంటే సరిపోదు. మెనూ ముందే ఖాయం చెయ్యి. ఎవరికి కావలసింది వాళ్లు కార్డు చూసి చెప్పుకుంటే అక్కడే గంటన్నర పోతుంది. వెజ్ ఎందరు, నాన్‌వెజ్ ఎందరు లెక్క చెప్పి, కొంత అడ్వాన్స్ పంపు. డబ్బు చేరితేనే వంటవాడు బియ్యం కొలుస్తాడు. శనివారం సాయంత్రం ఇంకోసారి ఫోన్. 14 కార్లు పడతాయా, వెనక్కి తిప్పుకునే చోటుందా అన్నది కూడా అడగాలి. ఇది అందరూ మర్చిపోతారు.

ఇంకో మాట. కార్తీకం దాటాక పెట్టుకో. ఆ నెలలో వనభోజనాల బస్సులు రోడ్డంతా ఉంటాయి. పైగా మీలో సగం మంది నీచు ముట్టరు.

చిన్న డౌట్:
అరకు వెళ్లకుండా అరకు ట్రిప్ ఏంటి బాబాయ్? బొంగులో చికెన్ సంగతేంటి మరి?

ఎస్.కోట బాబాయ్:
బొంగు కోసం అరకు దాకా ఎందుకు, ఘాట్ దారిలోనూ దొరుకుతుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిని కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. ఒక్కో వాయికి ముప్పావుగంటన్నా పడుతుంది. రోడ్డు పక్క పొయ్యి దగ్గర 38 మందికి భోజనం అంటే అయ్యే పని కాదు. పైకి వెళ్లేటప్పుడు ఆర్డరిచ్చి, దిగేటప్పుడు తీసుకుని తలా రెండు ముక్కలు తినండి. అన్నం మాత్రం హోటల్లోనే.

కార్బురేటర్:
పాత బళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. అంబాసిడర్, పద్మిని నెమ్మదిగా ఎక్కుతుంటే ఇంజన్ వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరైపోతుంది. బండి రెండుసార్లు దగ్గి ఆగుతుంది. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టకండి. బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టి, కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ పావుగంట ఆగండి. గుడ్డ మీంచి వచ్చే ఆవిరి తగ్గాక కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తియ్యొద్దు. నా కుడి మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ఈ బళ్లని చివర్లో పెట్టకండి, ముందు పెట్టండి. వెనక పడితే కొత్త కార్లను అందుకోవాలని తొక్కి వేడెక్కిస్తారు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరు. పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు మీలో ఒకరన్నా ఉంటారు, ఆయన్ని ముందే పట్టుకోండి. బ్రేకులు కాలిన వాసన వచ్చిందంటే వెడల్పు చోటు చూసి ఆపి చల్లారనివ్వాలి. ఇరుకు చోట ఎక్కే బండికే దారి ఇవ్వాలి, అది రూలు కూడా.

పెందుర్తి పిల్లోడు:
14 కార్లు రైలులా వెళ్తే వెనకున్న బస్సువాడు ఓవర్‌టేక్ చెయ్యలేక హారన్ మోగిస్తూనే ఉంటాడు. 5, 5, 4గా విడిపోయి పది నిమిషాల తేడాతో బయలుదేరండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, వాట్సాప్ లొకేషన్‌ని నమ్ముకోవద్దు. మేం పెట్టుకున్న రూలు ఒక్కటే: ఎవరి వెనక కారుకి వాళ్లే జవాబుదారీ. దారి చీలే చోట వెనక కారు అద్దంలో కనిపించేదాకా పక్కకి తీసి ఆగాలి. మలుపులో మాత్రం ఆగకూడదు.

పాతబండి:
అందరికీ థాంక్స్. డిసెంబరు మొదటి ఆదివారానికి మార్చాం. అప్పటికి కాఫీ పళ్లు ఎర్రబడి ఉంటాయి, గాలికొండ దగ్గర ఫొటోలకి బాగుంటుంది. భోజనం అనంతగిరిలో, 26 నాన్‌వెజ్, 12 వెజ్. అడ్వాన్స్ రేపు పంపుతున్నా. అంబాసిడర్ మామయ్యకి "మీరే ముందు" అని చెప్పగానే తెగ సంబరపడ్డాడు, కారణం చెప్పలేదు. ఒక్క సందేహం: రెండున్నరకి దిగడం మొదలుపెడితే చాలా?

ఎస్.కోట బాబాయ్:
చాలు. డిసెంబరులో ఐదున్నరకే చీకటి, పైన మంచు దిగిందంటే మలుపు కనపడదు. రెండున్నర అంటే రెండున్నరే. టీ కింద ఎస్.కోటలో తాగండి.

కార్బురేటర్:
మామయ్య డిక్కీలో రెండు తడిగుడ్డలు, ఐదు లీటర్ల నీళ్లు పెట్టించు. కారణం అప్పుడు ఆయనకే తెలుస్తుంది.