7వ తరగతి పిల్లలతో ఆన్‌లైన్ చదరంగం: చాట్, అపరిచితుల బెడద లేకుండా ఎలా?

లెక్కల టీచర్:
ల్యాబ్‌లో 20 కంప్యూటర్లు, వారానికి 45 నిమిషాల పీరియడ్ ఒకటి. పిల్లలకి ఈమెయిల్ లేదు. ఏ సైట్ మంచిదండీ?

చెస్ కోచ్:
లీచెస్ వాడండి మేడం. ఉచితం, ప్రకటనలు ఉండవు. పిల్లల చేత విడివిడిగా ఖాతాలు తెరిపించకండి. మీరు టీచర్‌గా ‘క్లాస్’ తెరిచి, అందులోంచే విద్యార్థి ఖాతాలు సృష్టించండి. ఈమెయిల్ అడగదు, కిడ్ మోడ్ దానంతటదే పడుతుంది, చాట్, మెసేజీలు ఆగిపోతాయి. పాస్‌వర్డ్ ఒక్కసారే చూపిస్తుంది, వెంటనే రాసుకోండి. యూజర్‌నేమ్‌లో అసలు పేరు, బడి పేరు వద్దు. కిడ్ మోడ్ మాటల్నే ఆపుతుంది, బయటివాళ్లతో ఆటని కాదు. అందుకే జతలు మీరే కట్టి, నేరుగా సవాలు పంపించమనండి.

కంప్యూటర్ టీచర్:
టైమ్ ఒక్కొక్కరికి 10 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకి అదనంగా 5 సెకన్లు పెట్టండి. చెరో 40 ఎత్తుల ఆట 27 నిమిషాల్లోపే ముగుస్తుంది, మిగతాది విశ్లేషణకి. ఒక నిమిషం బుల్లెట్ ఆటలు మాత్రం వద్దే వద్దు, ఆలోచన పోయి మౌస్ వేగమే మిగులుతుంది.

చెస్ కోచ్:
కొత్తవాళ్లు గెలిచే ఆటని డ్రా చేసుకునేది ఇక్కడే: నల్ల రాజు ఒంటరిగా ఎ8లో, తెల్ల మంత్రి బి6లో. నల్లవారి వంతు. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు, స్టేల్‌మేట్! మంత్రిని వదిలే ముందు ‘ఎదుటి రాజుకి గడి ఉందా?’ అని పైకి అనిపించండి. ఈ అలవాటు లెక్కల్లోనూ పనికొస్తుంది.