వరి కొయ్యలు కాలిస్తే భూమిలో కర్బనం పెరుగుతుందా, పోతుందా?

పరకాల_పత్తిచేను:
మా మట్టి పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.41 శాతం, ‘తక్కువ’ అని వచ్చింది. ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా పెదనాన్న ఏమంటాడంటే, "కర్బనమంటే బొగ్గేగా! కొయ్యకాళ్లు తగలబెడితే మడి నల్లగా అయ్యేది దానితోనే. భూమికి బలం." ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) మేడం మాత్రం కాలిస్తే వచ్చేదేమీ లేదు, పోయేదే అంటున్నారు. యాసంగి నార్లు పోసే టైం దగ్గరపడింది. ఎవరి మాట నిజమో కారణంతో చెప్పండి, ఉపన్యాసాలు వద్దు.

హనుమకొండ_కెమిస్ట్రీ:
ఉపన్యాసం కాదుగానీ కొంచెం లెక్క తప్పదు. బొగ్గు, మసి, పెన్సిల్ లెడ్డు, వజ్రం, అన్నిట్లో ఉన్నది కర్బనమే. అంతవరకు పెదనాన్న మాట కరెక్టే. కానీ కార్డులో ఉన్నది ‘సేంద్రియ’ కర్బనం. కుళ్లిన ఆకులు, వేర్లు, పేడ, సూక్ష్మజీవులు, వీటిలో ఉండేది. ల్యాబులో డైక్రోమేట్ అనే రసాయనంతో కొలిచేది ముఖ్యంగా దాన్నే. బొగ్గు ముక్కలు ఆ పరీక్షకు సరిగా లొంగవు కూడా. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని రాస్తారు.

ఎకరంలో రెండు టన్నుల గడ్డి మిగిలిందనుకోండి. దాంట్లో దాదాపు 800 కిలోలు కర్బనం. ఆరుబయట మంట పెడితే అందులో చాలావరకు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా పైకి పోతుంది, కొంత కార్బన్ మోనాక్సైడు, కొంత మసి. కింద మిగిలే నలుపు చూపుకు ఎక్కువ, బరువుకు తక్కువ. ఆ బూడిదలో పెద్ద భాగం సిలికా, తర్వాత పొటాష్. నత్రజని దాదాపు అంతా పొగతోనే పోతుంది. నా ఓటు మేడానికే.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:
బాగుంది సార్. రామగుండంలో, చెల్పూరులో రోజూ వ్యాగన్లకొద్దీ బొగ్గు మండితే కరెంటు అంటారు, రైతు రెండెకరాలు కాలిస్తే కాలుష్యం అంటారు. గడ్డిలోని కర్బనం ఆ పంట ఆ నాలుగు నెలల్లో గాలిలోంచి పీల్చుకున్నదే కదా? తిరిగి గాలిలోకే పోయింది. మేం బొగ్గుబాయిలోంచి తీసేది దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట భూమిలో పడింది. రెండూ ఒకటెలా అవుతాయి?

హనుమకొండ_కెమిస్ట్రీ:
ఒకటి కావు, మీరన్నది నిజం. గాలి లెక్కలో మీ బొగ్గుదే పెద్ద బాకీ. కానీ ఇక్కడ అడిగింది గాలి గురించి కాదు, మట్టి గురించి. గడ్డి మళ్లీ గాలిలో కలిసినా మడికి దక్కాల్సింది దక్కలేదు. పొగతో ఊళ్లో పిల్లలకు వచ్చే దగ్గు వేరే విషయం.

నర్సంపేట_వరి:
అందరూ కాల్చొద్దనే చెప్తారు, దున్నే డీజిల్ ఎవరిస్తారు? మిషన్ కోసిన మడిలో కొయ్యలు మోకాలెత్తున ఉంటాయి. పోయిన యాసంగిలో రోటవేటర్ కొట్టి, నీళ్లు పెట్టి వెంటనే నాటేశాం. పైరంతా పసుపురంగుకు తిరిగింది, కాలు పెడితే కుళ్లిన గుడ్ల వాసన, వేర్లు నల్లబడ్డాయి. కాల్చిన పక్క మడి పచ్చగా నవ్వుతోంది. అది చూశాక నేను అగ్గిపెట్టె పట్టుకుంటే తప్పేముంది?

జగిత్యాల_భూసారం:
అన్నా, మీకు జరిగిందానికి కారణం దున్నడం కాదు, వెంటనే నాటడం. వరిగడ్డిలో నత్రజని ఒక పాలైతే కర్బనం 60 పాళ్ల పైనే. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు తక్కువైన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి, పైరు పసుపురంగుకు తిరుగుతుంది. నీళ్ల అడుగున గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది, మీకు వచ్చిన వాసన అదే. మీథేన్ కూడా అక్కడే తయారవుతుంది. దున్నేటప్పుడు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నాటుకు రెండు మూడు వారాలు గడువివ్వాలి. పైరు పసుపురంగుకు తిరిగాక అయితే మడి ఆరగట్టడమే మందు. గడువు లేనివాళ్లు గడ్డి కట్టలు కట్టించి పశువులకు అమ్ముకోవచ్చు, అది కాల్చడం కన్నా నయం.

ఇంకో మాట. కార్డు ఒక్క ఏడాదిలో మారదు. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోలు నిలవాలి. వేసిన గడ్డిలో అయిదో వంతు నిలిస్తే అదే గొప్ప. జీలుగ, జనుము, పశువుల ఎరువు అన్నీ కలిపి ఏళ్ల తరబడి వేస్తేనే కదులుతుంది.

కాజీపేట_బీఎస్సీ:
నాదో డౌటు. పుస్తకంలో యూరియా కర్బన (ఆర్గానిక్) సమ్మేళనం అని ఉంది. రామగుండం యూరియా వేస్తే నాది సేంద్రియ (ఆర్గానిక్) వ్యవసాయం అవుతుందా? 😄

హనుమకొండ_కెమిస్ట్రీ:
పరీక్షలో అవుతుంది, మార్కెట్లో కాదు తమ్మీ. 1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోలర్ ల్యాబులో యూరియా తయారు చేశాకే జీవి లేకున్నా ఇలాంటివి పుడతాయని తేలింది. యూరియా బరువులో కర్బనం అయిదో వంతు, అదీ మట్టిలో కార్బన్ డయాక్సైడుగా పోతుంది. పైరుకు పనికొచ్చేది 46 శాతం నత్రజని.

పరకాల_పత్తిచేను:
పెదనాన్నకు చదివి వినిపించాను. "అయితే పత్తి కట్టె సంగతేంది?" అంటున్నాడు.

జగిత్యాల_భూసారం:
అక్కడ ఆయన మాటకు కొంత బలం ఉంది. పత్తి కట్టెను గుంతలో గాలి సరిగా ఆడకుండా కాలిస్తే బూడిద కాకుండా బొగ్గు మిగులుతుంది. బయోచార్ అనేది దాన్నే. అది మట్టిలో వందల ఏళ్లు ఉంటుంది. ఒట్టిగా వేయొద్దు, పేడ ఎరువులో కలిపి వేయండి.

పరకాల_పత్తిచేను:
సరే. ఇంకోటి. మొన్న ఒకాయన వచ్చి కాల్చకుంటే కార్బన్ క్రెడిట్ల డబ్బులొస్తాయి, సంతకం పెట్టమన్నాడు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:
ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడు తగ్గించినట్టు లెక్క. ఎకరాకు ఎన్ని వస్తాయో, మీ వాటా ఎంతో, ఎన్నేళ్లు కట్టుబడాలో తెలుగులో రాసివ్వమనండి. భూమి సొంతమా, కౌలా?

పరకాల_పత్తిచేను:
సగం కౌలే. ఏటా మాట్లాడుకోవాల్సిందే.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:
అయితే ఆ సగానికి సంతకం మీరు పెట్టకండి. పట్టాదారును కూర్చోబెట్టి మాట్లాడాకే.