కరెంటు లైన్ దారిలో జంతువుల సర్వే: బన్నేరుఘట్ట వైపు చేసినవాళ్లు చెప్పండి

సర్జాపుర_కొత్త:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఇక్కడ బెంగళూరులో ఒక కన్సల్టెన్సీలో చేరి మూడు నెలలైంది. కనకపుర రోడ్డు అవతల 220 కేవీ లైన్ వేస్తారట, 18 కిలోమీటర్లు. మే నెలలో నాలుగు రోజులిచ్చి, 35 మీటర్ల వెడల్పులో ఏమున్నాయో రాసుకురమ్మన్నారు. నాకిదే మొదటి సర్వే, టెన్షన్‌గా ఉంది.

రాగిముద్ద:
తమ్ముడూ, ఆ 35 మీటర్లు తీగలకి కావాల్సిన జాగా. ఏనుగుకి ఆ లెక్క తెలీదు కదా! లైన్ వెంబడే నడిస్తే చెట్లు లెక్కపెట్టుకుని వస్తావంతే. లైన్‌ని అడ్డంగా దాటే దారులు చూడు: వాగులు, చెరువు గట్లు, గుట్టల మధ్య సందులు.

నేనూ ఒకసారి ఎండాకాలంలోనే వెళ్లి "ఏనుగుల జాడ లేదు" అని రాసిచ్చాను. డిసెంబరులో వేరే పని మీద అదే రాగిహళ్లి వైపు వెళ్తే, ఒక రైతు మంచె మీద డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. "ఎండల్లో వస్తే ఏం కనబడతాయి సార్, రాగి కంకి పట్టాక రావాలి" అన్నాడు. కిందికి దిగొచ్చి తడి మట్టిలో ముంగాలి గుర్తు చూపించాడు. చుట్టూ పురికొస పెట్టి కొలిస్తే 125 సెంటీమీటర్లు. దానికి రెట్టింపు వేసుకుంటే దాదాపు భుజం ఎత్తు, అంటే రెండున్నర మీటర్లు. ఆయన మాత్రం కొలవకుండానే "ఇది ఆ ఒంటరి మగదే" అన్నాడు. నా రిపోర్టు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాత్రి_టార్చి:
పగలు మాత్రమే తిరిగితే దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్, రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న జంతువు) కనబడదు. కన్నడలో కాడుపాప అంటారు, ఊళ్లో అలాగే అడగండి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి, కొమ్మల్లోకి నెమ్మదిగా తిప్పాలి. రెండు నిప్పుకణికల్లా కళ్లు మెరుస్తాయి. ఇది కోతిలా దూకలేదు, కొమ్మ నుంచి కొమ్మకి పాకుతుంది. అందుకే లైన్ కోసం చెట్లు కొట్టేస్తే అవతలి వైపు దానికి అందదు. కొమ్మలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో రాసుకోండి.

పాత_ఫైలు:
కాగితాల సంగతి. ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన పనుల జాబితాలో (2006 ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్) కరెంటు లైన్లు లేవు. అటవీ భూమి తగిలితే మాత్రం 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. మ్యాప్ కూడా చూసుకోండి. బన్నేరుఘట్ట పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం 2016 ముసాయిదాలో సుమారు 269 చదరపు కిలోమీటర్లు, 2020లో ఖరారైంది సుమారు 169. చాలామంది దగ్గర ఇంకా పాత ఫైలే తిరుగుతోంది. అయినా గీత తగ్గిందని ఏనుగు దారి మార్చుకోదనుకోండి.

రోళ్లపాడు_వాడు:
పక్షులని మర్చిపోకండి. మా నంద్యాల వైపు రోళ్లపాడు ఒకప్పుడు బట్టమేకకి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పేరు. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, తీగ దగ్గరికొచ్చాక తప్పుకోలేదు. మీ దగ్గర్లో పాత లైన్ ఏదైనా ఉంటే తెల్లారకముందే దాని కింద నడవండి. పొద్దెక్కితే కుక్కలు, కాకులు ఈకలు తప్ప ఏమీ మిగల్చవు. ఏమీ దొరకలేదంటే ఏమీ చావలేదని కాదు. హెసరఘట్ట గడ్డిమైదానం లాంటి చోటైతే చలికాలంలో వచ్చే హారియర్ గద్దలు మేలో అసలుండవు, అది వేరే తలనొప్పి.

సర్జాపుర_కొత్త:
వెళ్లొచ్చాను. డిసెంబరు ట్రిప్‌కి మేనేజర్ ఒప్పుకోలేదు, రెండు రాత్రులు మాత్రం ఇచ్చారు. మొదటి రాత్రి "దొరికింది!" అని నేను ఎగిరి గంతేసిన ఎర్ర కళ్లు మట్టిరోడ్డు మీద కూర్చున్న నైట్‌జార్ పిట్టవి. డ్రైవర్ ఇంకా నవ్వుతున్నాడు. రెండో రాత్రి చింతచెట్లలో నిజంగానే ఒక కాడుపాప. సరిగ్గా ఆ 35 మీటర్ల లోపలే. ఏనుగుల గడిలో "లేవు" అని కాకుండా "మేలో కనబడలేదు, రాగి కోతలప్పుడు వస్తాయని ఐదుగురు రైతులు చెప్పారు" అని రాశాను. పైవాళ్లు ఆ వాక్యం ఉంచుతారో కొట్టేస్తారో సోమవారం తెలుస్తుంది.