రూల్ తప్పే వీలే లేకుండా మెషిన్‌లోనే పెట్టేస్తే తప్పేంటి?

నీలిగీత:
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న, ఇక్కడ రకరకాల పనుల్లో ఉన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారులో స్పీడ్ లిమిట్ తెలుసుకునే సిస్టమ్ ఉండాలని రూల్ పెట్టారు. కెమెరాతో బోర్డులు చదువుతుంది, మ్యాప్ చూసుకుంటుంది, లిమిట్ దాటితే మోత పెట్టడమో పెడల్‌ని పాదం మీదకి నెట్టడమో చేస్తుంది. కానీ డ్రైవర్ ఇంకా గట్టిగా తొక్కితే బండి వెళ్ళిపోతుంది, కావాలంటే సిస్టమ్‌నే ఆపేసుకోవచ్చు, కాకపోతే మళ్ళీ స్టార్ట్ చేయగానే ఆన్ అయి ఉంటుంది. అంత దూరం వచ్చి చివరి అడుగు ఎందుకు వెయ్యలేదు? లిమిట్ దాటడమే కుదరకుండా చేసేస్తే పోయేది కదా. మా అన్నయ్య ఓవర్ స్పీడ్‌లో వచ్చిన బండి గుద్ది పోయాడు, అందుకే ఈ విషయంలో నేను అటూఇటూ కాకుండా మాట్లాడలేను, ముందే చెప్తున్నా. ఆ రోడ్డు మీద బోర్డు ఉంది, రూల్ ఉంది, ఆ డ్రైవర్‌కి ఆ రూల్ తెలుసు కూడా.

ఒప్పుకోను:
మీ అన్నయ్యగారి గురించి చదివి చాలా బాధేసిందండీ. అయినా ఒప్పుకోలేకపోతున్నా, ఎందుకంటే మీరు అడిగినలాంటిదే ఒకసారి చేసి చూశారు. అమెరికాలో 1974 మోడల్ కార్లకి సీటు బెల్టు పెట్టుకుంటే తప్ప ఇంజన్ స్టార్ట్ అవ్వకుండా ఇంటర్‌లాక్ పెట్టించారు. ఉద్దేశం చాలా మంచిది. జనం ఏం చేశారంటే బెల్టుని పర్మినెంట్‌గా బిగించేసి దాని మీదే కూర్చున్నారు, కొందరు వైర్లు కోయించుకున్నారు, పక్క సీట్లో బరువైన సంచి పెట్టినా అది మనిషే అనుకుని బండి స్టార్ట్ అవ్వకుండా మొరాయించేది. గొడవ ఎంత పెద్దదయిందంటే అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ ఆ ఇంటర్‌లాక్ రూల్ తీసేయించింది, పోతూపోతూ బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే బజర్ కూడా 8 సెకన్లకి మించి మోగాలని ఏ రూల్ అడగకూడదంది. అంటే ప్రాణం కాపాడే రూల్ జనానికి కోపం తెప్పించి, తను పోయిందే కాక పక్కనున్న చిన్న రూల్‌ని కూడా వెంట తీసుకుపోయింది. తర్వాత పదేళ్ళకి, 1984లో, న్యూయార్క్ రాష్ట్రం బెల్టు పెట్టుకోకపోతే ఫైన్ అని మామూలు చట్టం చేసింది, మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. అప్పట్లో నూటికి పదిహేను మంది పెట్టుకుంటే గొప్ప, ఇప్పుడు తొంభై మంది దాకా పెట్టుకుంటున్నారు. అది చేసింది చట్టం, పోలీసు, ప్రచారం, అలవాటు. ఇంజన్ ఆపే వైరు కాదు.

లిఫ్టుమనిషి:
నేను లిఫ్టుల మెయింటెనెన్స్‌లో ఉన్నా. తలుపు పూర్తిగా పడకపోతే లిఫ్ట్ కదలదు, అది కూడా ఇంటర్‌లాకే, ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కరు కూడా తలుపు తెరిచి వెళ్ళే హక్కు నాకు లేదా అని అడగలేదు. మైక్రోవేవ్ తలుపు తీస్తే ఆగిపోతుంది. డీజిల్ పోసే గొట్టం మూతి లావుగా ఉంటుంది కాబట్టి పెట్రోల్ కారు ట్యాంకులో సాధారణంగా దూరదు. ఇవన్నీ రూల్సే, ఎవరూ వీటిని రూల్స్ అనుకోరు అంతే. నాకనిపించేది ఏంటంటే జనానికి కోపం వచ్చేది ఆపినందుకు కాదు, నిన్నటి దాకా చేస్తున్న పనిని ఇవాళ ఆపినందుకు. బెల్టు లేకుండా నడపడం అలవాటైన చేతికి 1974 బండి తగిలింది. అసలు మొదటి కారే అలా వచ్చి ఉంటే ఆ బెల్టు గురించి మనం ఇంత మాట్లాడుకునేవాళ్ళం కాదు.

రాత్రిడ్యూటీ:
ఒప్పుకోను గారు ఫైన్‌ని మరీ మెచ్చుకుంటున్నారు, దాని మీద ఒక మాట. ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 డే కేర్ సెంటర్ల మీద చేసిన స్టడీ ఒకటుంది, గ్నీజీ, రుస్టికినీ అని ఇద్దరు ఎకనమిస్టులు 2000లో పబ్లిష్ చేశారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు లేటుగా వస్తున్నారని కొన్ని సెంటర్లలో 10 నిమిషాలు దాటితే 10 షెకెల్‌ల ఫైన్ పెట్టారు. లేటుగా వచ్చేవాళ్ళు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యారు. ఎందుకంటే అంతకుముందు లేటయితే అయ్యో టీచర్ నా కోసం కూర్చుంది అని గిల్టీగా ఉండేది, ఇప్పుడు డబ్బులు కట్టాను కదా అయిపోయింది అనుకోవచ్చు. ఇంకా బాధ ఏంటంటే తర్వాత ఫైన్ తీసేసినా పాత స్థితి తిరిగి రాలేదు, ఆ మొహమాటం ఒకసారి పోయింది పోయిందే. రూల్ అంటే మనం ఊరికే తీసి పెట్టే వస్తువు కాదు, పెట్టి తీసేసినా మనిషిలో ఏదో ఒకటి మార్చే వెళ్తుంది.

నీలిగీత:
రాత్రిడ్యూటీ గారూ మీరు చెప్పింది నా వైపే వస్తోంది కదా. ఫైన్ అంటే స్పీడ్‌కి టికెట్ ధర పెట్టడమే, డబ్బున్నవాడు కొనుక్కుని వెళ్తాడు. 50 లో వెళ్ళాల్సినచోట 60 లో వెళ్తే ఆ పదే కదా అంటారు, కానీ గుద్దే శక్తి స్పీడ్ వర్గంతో పెరుగుతుంది, అంటే 44 శాతం ఎక్కువ. ఆ 44 శాతం రోడ్డు మీద నడిచేవాడి ఒంటి మీద పడుతుంది, ఫైన్ కట్టేవాడి మీద కాదు. అలవాటయ్యే దాకా పదేళ్ళు ఆగమంటే ఆ పదేళ్ళలో పోయేవాళ్ళు ఎవరి లెక్కలోకి వస్తారండీ?

ఒప్పుకోను:
ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు, నిజంగా లేదు. కానీ నా భయం వేరే ఉంది, చెప్తా. మెషిన్‌లో పెట్టిన రూల్‌కి ఎదురుగా మనిషి ఉండడు. స్పీడ్ బ్రేకర్ అందరినీ ఒకేలా ఆపుతుంది, అంబులెన్స్‌ని కూడా, లోపల వెన్నెముక విరిగినవాడు ఉన్నాడని దానికి చెప్పలేం. అదే రూల్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే ఎలా ఉంటుందో ఆస్ట్రేలియాలో చూశాం, రోబోడెట్ అన్నారు దాన్ని. ప్రభుత్వ సాయం తీసుకున్నవాళ్ళ ఏడాది ఆదాయాన్ని 26 రెండువారాల ముక్కలుగా సమానంగా పంచేసి, నువ్వు సంపాదిస్తూ కూడా సాయం తీసుకున్నావు కాబట్టి బాకీ ఉన్నావు అని సిస్టమ్ లెటర్లు పంపింది. ఆర్నెల్లు పని దొరికి ఆర్నెల్లు ఖాళీగా ఉన్నవాడికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? బాకీ లేనని నిరూపించుకోవాల్సిన భారం కూడా వాడి మీదే పెట్టారు. అది చట్టవిరుద్ధమని తేలి, డబ్బులు తిరిగిచ్చి, దాని మీద విచారణకి వేసిన రాయల్ కమిషన్ రిపోర్ట్ 2023లో వచ్చేదాకా ఏళ్ళు పట్టింది. అదే కౌంటర్ దగ్గర ఒక క్లర్క్ కూర్చుని ఉంటే రెండు పేస్లిప్‌లు చూసి ఇది తప్పు అనేవాడు.

ఇంకోటి, మెషిన్‌లో రూల్ పెట్టేది కూడా మనుషులే. 2015లో బయటపడిన ఫోక్స్‌వాగన్ వ్యవహారం గుర్తుందా, ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ పది లక్షల బండ్లు. టెస్ట్ జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ రాశారు. బయట నుంచి చూస్తే రూల్ తప్పనట్టే కనిపించింది, తప్పింది లోపల రాసినవాళ్ళు.

లిఫ్టుమనిషి:
రోబోడెట్ ఉదాహరణ నన్ను కాస్త ఆపింది, ఒప్పుకుంటున్నా. లిఫ్ట్ తలుపుకి నువ్వు ఎవరు, ఎంత సంపాదిస్తావు అన్నది అక్కర్లేదు, తలుపు పడిందా లేదా అంతే. ఆ సిస్టమ్ మాత్రం మనిషి బతుకుని అంచనా వేసింది, అంచనాని నిజంలా వాడింది. రెండూ ఒకటి కాదు. కానీ స్పీడ్ లిమిట్ ఏ వైపు వస్తుందో నాకు తేలట్లేదు, ఎందుకంటే స్పీడ్ కొలవడం సులువే, అసలు ఇక్కడ లిమిట్ ఎంత అన్నదే కష్టం, పక్క సర్వీస్ రోడ్డు బోర్డు చదివి హైవే మీద బండిని 30 కి లాగేస్తే వెనక లారీ వాడి గతేంటి. ఇంకో సంగతి, మా లిఫ్టుల్లో కూడా ఇంటర్‌లాక్‌ని దాటే స్విచ్ ఉంటుంది, రిపేర్ చేసేవాళ్ళ కోసం. అది లేకుండా లిఫ్ట్ కట్టరు.

నీలిగీత:
సరే, ఆ బోర్డు తప్పు చదవడం గురించి నేను ఆలోచించలేదు, అది నిజమే. అయితే స్విచ్ ఉండనివ్వండి. కానీ డ్రైవర్ దాన్ని దాటిన ప్రతిసారీ ఎక్కడ, ఎంత స్పీడ్‌లో అన్నది బండిలో రికార్డవ్వాలి, ఎవరినైనా గుద్దితే ఆ రికార్డు కోర్టు ముందుకి రావాలి. మా కేసులో స్పీడ్ ఎంత అన్నదాని మీదే రెండేళ్ళు వాదించారు.

ఒప్పుకోను:
యాక్సిడెంట్ అయితే కోర్టుకి ఇవ్వడం వరకు నేను కూడా మీతోనే ఉన్నా. ప్రతి ప్రయాణం రికార్డు మాత్రం వద్దండీ, అది ఇన్సూరెన్స్ వాళ్ళ చేతికి వెళ్ళకుండా ఎవరు ఆపుతారో ముందు చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.