సోచా నదీ లోయను దగ్గరగా చూసినవారు దయచేసి దారి చెప్పగలరా?

వచ్చే జూన్‌లో నాన్నగారితో కలిసి స్లొవేనియాలోని సోచా లోయకు వెళ్ళబోతున్నాను. ట్రెంటా ఊరికి ఎగువన పుట్టి, 138 కిలోమీటర్లు ప్రవహించి ఏడ్రియాటిక్ సముద్రంలో కలిసే ఆ పచ్చలరంగు నది ఫోటోలు, రాఫ్టింగ్ ధరలు కావలసినన్ని దొరికాయి. మాకు కావలసింది అక్కడి కథలు.

వేటగాడి దెబ్బకు నేలరాలిన తన నెత్తుటి నుంచే మొలిచిన పువ్వును తిని తిరిగి లేచిన బంగారు కొమ్ముల తెల్ల కొండమేక జ్లాతొరోగ్ గాథను ట్రెంటాలో ఇప్పటికీ చెప్పే పెద్దలు ఉన్నారా?

తొల్మిన్‌కు ఎగువన యావోర్ట్సాలో ఆస్ట్రియా-హంగరీ సైనికులు 1916లో కట్టిన చెక్క చర్చి ఉంది. అందులో మందుగుండు పెట్టెల పలకల మీద, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కొండల్లో చనిపోయిన 2,564 మంది సైనికుల పేర్లను వాతలు పెట్టినట్లు కాల్చి రాశారు. నాన్నగారు సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు కనుక, ఆ పేర్ల ముందు కాసేపు నిలబడాలన్నది ఆయన కోరిక. మోకాళ్ళ నొప్పి వల్ల ఎక్కువ దూరం నడవలేరు. కారు ఎంతవరకు వెళ్తుంది, ఆపైన ఎక్కుడు ఎలా ఉంటుంది?

చివరగా, కోబరీద్‌లో అక్రోటు పూర్ణం పెట్టి ఉడికించే ష్త్రుక్లి (మన పూర్ణం కుడుములకు దూరపు చుట్టమనిపిస్తోంది) హోటల్లో కాకుండా ఎవరింట్లోనైనా తినే వీలుంటుందా?