ప్యాంక్రియాటిక్ ప్రొజెనిటర్ గ్రాఫ్ట్ పెట్టాక గుండె సన్న రక్తనాళాలను ఎప్పుడు కొలవాలి?

తార్నాక_స్కాలర్:
మానవ ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి తిప్పి చేసిన స్టెమ్ సెల్స్) నుంచి ప్యాంక్రియాటిక్ ప్రొజెనిటర్లు (ప్యాంక్రియాస్ కణాలుగా ఎదగబోయే తొలిదశ కణాలు) చేసి, ఎస్‌టీజెడ్‌తో (ఇన్సులిన్ చేసే బీటా కణాలను చంపే మందు) డయాబెటిస్ తెప్పించిన ఎన్‌ఎస్‌జీ మైస్‌లో (రోగనిరోధక శక్తి లేనందున మానవ కణాలను తిరస్కరించని ఎలుకలు) కిడ్నీ క్యాప్సూల్ కింద పెట్టాలన్నది ప్లాన్. షుగర్ అదుపులోకి వస్తే గుండెలోని సన్న రక్తనాళాలు కోలుకుంటాయా అన్నది అసలు ప్రశ్న. గ్రాఫ్ట్ పెట్టిన 6 వారాలకు డాప్లర్‌తో కరోనరీ ఫ్లో రిజర్వ్ (గుండె రక్తనాళాల్లో ప్రవాహం విశ్రాంతి స్థాయి నుంచి ఎన్ని రెట్లు పెరగగలదో చెప్పే నిష్పత్తి) చూస్తామని ప్రపోజల్‌లో రాశాం. గ్రూపులు మూడు: మామూలువి, డయాబెటిస్‌వి, డయాబెటిస్‌తో పాటు గ్రాఫ్ట్ ఉన్నవి. ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతి) ప్యాంక్రియాస్ దారి పట్టాయని చెప్పే పీడీఎక్స్1 ప్రొటీన్ బాగానే ఉంది, బీటా కణాలు కావడానికి కావాల్సిన ఎన్‌కేఎక్స్6.1 మాత్రం సగం కణాల్లో కూడా రావడం లేదు. ఇలాగే ముందుకు వెళ్లొచ్చా?

ఐలెట్_బెంచ్:
వెళ్లకండి. 6 వారాలకు గ్రాఫ్ట్ ఇంకా పని మొదలుపెట్టి ఉండదు. ప్రొజెనిటర్లు మైస్ ఒంట్లో గ్లూకోజ్‌కు స్పందించే బీటా కణాలుగా ఎదగడానికి సుమారు 3 నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా మీ మూడో గ్రూపు కూడా రెండో గ్రూపులాగే డయాబెటిస్‌తో ఉంటుంది. ఫ్లో రిజర్వ్‌లో తేడా రాకపోతే గ్రాఫ్ట్ విఫలమైందని రాసేస్తారు, అది తప్పు.

పైగా ఇన్సులిన్ లేకుండా అన్నాళ్లు ఉంచితే మైస్ చిక్కిపోతాయి, కొన్ని చనిపోతాయి. అందుకే చర్మం కింద ఇన్సులిన్ పెల్లెట్ పెట్టి నెట్టుకురావాలి. రక్తంలో మానవ సీ-పెప్టైడ్ (బీటా కణాలు ఇన్సులిన్‌తో పాటు విడుదల చేసే ముక్క) కనిపించాకే దాన్ని తీసేయాలి. పెల్లెట్‌లో సీ-పెప్టైడ్ ఉండదు కాబట్టి, మానవ సీ-పెప్టైడ్‌ను మాత్రమే పట్టే ఎలైజా కిట్ వాడితే కనిపించేదంతా గ్రాఫ్ట్‌దే.

నాలుగో గ్రూపు తప్పనిసరి: చివరిదాకా ఇన్సులిన్ పెల్లెట్ మీదే ఉండేవి. అది లేకపోతే, రక్తనాళాలు బాగుపడింది షుగర్ తగ్గినందువల్లా, గ్రాఫ్ట్ విడుదల చేసే మరొకదాని వల్లా అన్నది తేలదు. సీ-పెప్టైడ్ ఎండోథీలియం (రక్తనాళాల లోపలి పొర) మీద నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా పనిచేస్తుందని ప్రయోగాలు చూపిస్తున్నాయి. కాబట్టి ఇది ఊరికే లాంఛనంగా పెట్టే కంట్రోల్ కాదు, మీ కథంతా దీని మీదే నిలబడుతుంది.

ఇంకొకటి. మానవ కణాలు మైస్ షుగర్‌ను మనిషి స్థాయికి దించుతాయి. అది మామూలు మైస్ షుగర్ కంటే తక్కువ. కంట్రోల్‌తో సమానం కాలేదని కంగారు పడకండి.

కల్చర్_హుడ్:
ఎన్‌కేఎక్స్6.1 సంగతి. ముందు ఎండోడెర్మ్ దశను (ప్యాంక్రియాస్‌కు మూలమైన తొలి పొర) సరిచూడండి: దాని గుర్తులైన సీఎక్స్‌సీఆర్4, సాక్స్17 పాజిటివ్ కణాలు 90 శాతం దాటకపోతే తర్వాత ఏం చేసినా లాభం లేదు. ఏప్రిల్, మే ఎండల్లో ఐస్ కరిగిపోయి వచ్చిన యాక్టివిన్ (ఎండోడెర్మ్ తెప్పించే ప్రొటీన్) వయల్‌ను నమ్మొద్దు. ప్రతి కొత్త లాట్‌ను చిన్న ప్లేట్‌లో పరీక్షించాకే వాడాలి.

ఎండోడెర్మ్ బాగుంటే చూడాల్సింది కణాల సాంద్రత. పలచగా ఉన్న చోట ఎన్‌కేఎక్స్6.1 రాదు. పీడీఎక్స్1 వచ్చిన తర్వాతి దశలో ఈజీఎఫ్ మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు, నికోటినమైడ్ 10 మిల్లీమోలార్ కలిపితే పెరుగుతుంది. రెటినోయిక్ యాసిడ్‌కు వెలుతురు పడదు, ట్యూబ్‌కు ఫాయిల్ చుట్టండి.

కణాలను హార్మోన్ల దారి పట్టించే ఎన్‌జీఎన్3 ముందే వచ్చేస్తే ఇంకా నష్టం. ఎన్‌కేఎక్స్6.1 రాకముందే హార్మోన్ల దారి పట్టిన కణాలు ఎక్కువగా ఆల్ఫా కణాలుగా (గ్లూకగాన్ చేసేవి) తేలతాయి, గ్లూకోజ్‌కు ఇన్సులిన్ ఇవ్వవు. ఆ దశలో విటమిన్ సి ఈ తొందరను కొంత తగ్గిస్తుంది. ఇక యాంటీబాడీ వైపు: ఎన్‌కేఎక్స్6.1 కేంద్రకంలో ఉంటుంది, పర్మియబిలైజేషన్ (యాంటీబాడీ లోపలికి వెళ్లేలా కణ పొరకు రంధ్రాలు చేయడం) చాలకపోతే ఉన్నది కూడా కనబడదు. డిఫరెన్షియేట్ కాని ఐపీఎస్ కణాలను నెగటివ్ కంట్రోల్‌గా పెట్టి గేట్ (పాజిటివ్, నెగటివ్ కణాలను వేరుచేసే గీత) గీయండి. ఆ పనిలో పనిగా డిఫరెన్షియేట్ కాని కణాల గుర్తైన ఆక్ట్4 కూడా చూడండి, అలా మిగిలిపోయిన కణాలు టెరటోమా (ఒక రకం కణితి) కావచ్చు.

ఎకో_ల్యాబ్:
డాప్లర్‌లో పెద్ద చిక్కు మత్తుమందే. ఐసోఫ్లూరేన్ తానే కరోనరీలను వ్యాకోచింపజేస్తుంది. 1 శాతం దగ్గర బేస్‌లైన్, 2.5 శాతం దగ్గర హైపరీమియా (గరిష్ఠ ప్రవాహం) తీసుకునే పద్ధతి అందుకే వచ్చింది. బేస్‌లైన్ దగ్గరే 1.5 పెట్టేస్తే రిజర్వ్ తక్కువగా వచ్చి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఒంటి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలపండి, గుండె వేగం రాసుకోండి.

నిష్పత్తి ఒక్కటే రిపోర్ట్ చేయకండి. విశ్రాంతిలో ప్రవాహం పెరిగినా నిష్పత్తి పడిపోతుంది, అది సన్న నాళాల దెబ్బ కాకపోవచ్చు. రెండు వేగాలూ విడిగా ఇవ్వాలి. మనుషుల్లో వాడే 2.5 లేదా 2.0 కటాఫ్‌ను మైస్‌కు అంటగట్టొద్దు. చివర్లో ఐసోలెక్టిన్ బీ4తో క్యాపిలరీలు, పీడీజీఎఫ్ఆర్ బీటాతో పెరిసైట్లు (క్యాపిలరీలను చుట్టి ఉండే కణాలు) లెక్కపెడితే పనితీరుకు నిర్మాణం తోడవుతుంది.

తార్నాక_స్కాలర్:
చాలా థాంక్సండి. ముందు గ్రాఫ్ట్ పెట్టి, అది ఎదిగాక ఎస్‌టీజెడ్ ఇస్తే ఈ పెల్లెట్ల బాధ తప్పుతుంది కదా?

ఐలెట్_బెంచ్:
తప్పుతుంది. 2008లో నోవోసెల్ అనే కంపెనీ బృందం చేసింది అదే: మైస్ బీటా కణాలు పోయాయి, మానవ గ్రాఫ్ట్ నిలబడింది, గ్రాఫ్ట్ తీసేశాక షుగర్ పెరిగింది. ఎస్‌టీజెడ్ గ్లూట్2 (గ్లూకోజ్‌ను కణంలోకి చేరవేసే ప్రొటీన్) ద్వారా లోపలికి వెళ్తుంది, మానవ బీటా కణాల్లో అది తక్కువ. కానీ ఆ డిజైన్‌లో రక్తనాళాలు ముందుగా దెబ్బతినవు. మీరు చూసేది నివారణ అవుతుంది, కోలుకోవడం కాదు. మీ ప్రశ్న కోలుకోవడం గురించైతే ఎస్‌టీజెడ్ ముందు, గ్రాఫ్ట్ తర్వాత. గ్రాఫ్ట్‌కు ముందే ఒకసారి ఫ్లో రిజర్వ్ తీసి, దెబ్బ నిజంగా ఉందని చూపాలి. చివర్లో గ్రాఫ్ట్ ఉన్న కిడ్నీ తీసేసి, షుగర్ మళ్లీ పెరుగుతుందో లేదో చూడండి.

ప్రయోగ కాలం, పెల్లెట్లు, నాలుగో గ్రూపు, కిడ్నీ సర్జరీ అన్నీ మారుతున్నాయి కాబట్టి జంతు ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాలి. మానవ కణాలు కనుక మీ సంస్థ స్టెమ్ సెల్ కమిటీ అనుమతి కూడా ఉండాలి. ఆ రెండూ చేతికొచ్చాకే మైస్ ఆర్డర్ పెట్టండి.